గుంటూరులో మగ్గం వర్క్ షాపుకి నెలకి 15 వేల రీల్స్ ప్యాకేజీ తీసుకోవాలా?

నమస్తే అండీ. మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది: బ్రాడీపేటలో ఇంటి ముందు గదిలో షాపు, బ్లౌజ్ స్టిచింగ్, మగ్గం వర్క్, ఫాల్ పికో, కటింగ్‌కి ఒక మాస్టర్, మగ్గం మీద ఇద్దరు కారీగర్లు, అన్నీ చూసుకోవడానికి మీరు. ఏజెన్సీ అబ్బాయి నెలకి 15 వేలకి 12 రీల్స్ చేసి పేజీ చూసుకుంటానంటున్నాడు, మీ వారేమో మెయిన్ రోడ్డు మీద పెద్ద ఫ్లెక్సీ పెడితే చాలంటున్నారు, తోడికోడలు గూగుల్ యాడ్స్ అంటోంది. ఈ మూడింట్లో ఏది అని అడిగారు. ఇప్పటికి మూడూ వద్దు. ఎందుకో చెప్తాను, కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి. నేను విజయవాడలో చాలా ఏళ్ళు మ్యాచింగ్ సెంటర్ నడిపి, దాని పక్కనే స్టిచింగ్ యూనిట్ కూడా పెట్టినదాన్ని. కాబట్టి చెప్పేదంతా ఈ లైన్ గురించే. మీది కర్రీ పాయింటో ట్యూషన్ సెంటరో అయ్యుంటే నా జవాబు ఇంకోలా ఉండేది.

ముందు మీ మగ్గాల లెక్క చూద్దాం. మెడకి, చేతులకి మీడియం వర్క్ ఉన్న బ్లౌజు ఒక కారీగరు చేతిలో రెండు మూడు రోజులు పడుతుంది, పెళ్ళికూతురి హెవీ వర్క్ అయితే ఇంకా ఎక్కువ. నెలకి 26 పనిదినాలు, ఇద్దరు మనుషులు, మొత్తం 52 రోజుల చేతిపని. రెండున్నర రోజులకి ఒకటి అనుకున్నా నెలకి ఇరవై వర్క్ బ్లౌజులు, అంతే. మీ షాపు పరిమాణం అది. ఇప్పుడు ఆ రీల్స్ నిజంగానే పేలి, నెలకి వందమంది మెసేజ్ పెట్టారనుకోండి, వాళ్ళని ఏం చేస్తారు? ముహూర్తాల్లో ఇప్పటికే వచ్చినవాళ్ళని వెనక్కి పంపుతున్నామని, ఆషాఢంలో, మూఢంలో మాత్రం కారీగర్లకి పని చూపించలేక టెన్షన్ పడుతున్నామని మీరే రాశారు. అంటే మీకు కస్టమర్లు ఏడాది పొడుగునా తక్కువ కాలేదు, కొన్ని నెలల్లోనే తక్కువయ్యారు. ఈ తేడా చూసుకోకుండా ఏ పద్ధతికి డబ్బు పెట్టినా, అది మీకు అక్కర్లేని నెలలో జనాన్ని తెచ్చి, అక్కరున్న నెలలో మాయమవుతుంది.

రెండోది, మీ దగ్గరికి వచ్చేవాళ్ళు అసలు ఎలా వస్తున్నారో మీకు తెలుసా? ప్రశ్నలో ఎక్కడా రాయలేదు, అందుకే అడుగుతున్నా. చాలామంది "నోటి మాట మీదే అండీ" అని ఊరుకుంటారు. ఎవరి నోటి మాట? ఎదురింటావిడా, చీరల షాపులో సేల్స్‌మనా, బ్యూటీషియనా, ఆఫీసులో పక్క సీటు ఆవిడా? ఈ రోజు నుంచి ఆది జాకెట్టు తీసుకునేటప్పుడే, "మా గురించి ఎవరు చెప్పారండీ?" అని అడిగి, బిల్లు బుక్‌లో పేరు పక్కన రెండు ముక్కలు రాసిపెట్టండి. చీర ఎక్కడ కొన్నారో, ఏ ఫంక్షన్‌కో కూడా. పాత ఆర్డర్లలో గుర్తున్నంతవరకూ వెనక్కి వెళ్ళి రాయండి. రెండు నెలల్లో ఒక రూపం కనపడుతుంది, అది మీ వీధికీ మీ చేతిపనికీ మాత్రమే చెందిన రూపం, అదెంత పెద్ద కన్సల్టెంట్ అయినా బయటినుంచి చెప్పలేడు.

ఇక రీల్స్ సంగతి. కూకట్‌పల్లిలో మీ ఫ్రెండ్‌కి రీల్స్ వల్లే బిజినెస్ పెరిగిందని రాశారు, నేను నమ్ముతాను. కానీ ఆవిడ అమ్మేది రెడీమేడ్ వర్క్ బ్లౌజులు, 36, 38, 40 సైజుల్లో కుట్టేసి పెట్టి, కొరియర్‌లో పంపిస్తుంది. చూసినవాళ్ళు బెంగళూరులో ఉన్నా, బరంపురంలో ఉన్నా ఆవిడకి కస్టమరే. మీ దగ్గర కుట్టించుకోవాలంటే మనిషి మీ గుమ్మం దాకా రావాలి, ఆది జాకెట్టు ఇవ్వాలి, ఇరవై ముప్పై వేల పట్టుచీర మీ చేతిలో పెట్టి వెళ్ళాలి, మళ్ళీ ట్రయల్‌కి రావాలి. నాలుగైదు కిలోమీటర్లు దాటి ఎవరూ రారు, వచ్చినా ఎవరో గట్టిగా చెప్తేనే వస్తారు. రీల్‌కి లక్ష వ్యూస్ వచ్చినా గుంటూరువి ఎన్ని ఉంటాయి? పైగా మన లైన్‌లో మగ్గం వీడియోలు సూది దింపడం దగ్గర్నుంచి చూసేవాళ్ళలో పని నేర్చుకుంటున్న అమ్మాయిలు, తోటి టైలర్లే చాలామంది. వాళ్ళు లైకులు కొడతారు, "అక్కా ఈ బీడ్స్ ఎక్కడ దొరుకుతాయి" అని అడుగుతారు, బ్లౌజు ఇవ్వరు. రేపు మీరు ఆన్‌లైన్ క్లాసులు చెప్పాలనుకుంటే ఆ జనమే బంగారం, అప్పుడు ఆ ప్యాకేజీ గురించి మళ్ళీ మాట్లాడుకోవచ్చు.

అలాగని ఇన్‌స్టాగ్రామ్ పేజీ మూసెయ్యమనటం లేదు. దాన్ని ఆల్బమ్‌లా వాడండి. ఎవరో మీ పేరు చెప్పాక ఆ అమ్మాయి ఫోన్ తీసి చూసేది అదే. కొత్తవాళ్ళని తేవడం దాని పని అనుకుంటే నిరాశే గానీ, వచ్చిన మనిషికి ధైర్యం ఇవ్వడానికి బాగా పనికొస్తుంది. పూర్తయిన బ్లౌజు పగటి వెలుతురులో, కిటికీ పక్కన, వీలైతే కట్టుకున్న మనిషి మీద, ఆమెని అడిగి, మొహం లేకుండా. వెనకవైపు, చేతులు, లోపలి ఫినిషింగ్, ఈ మూడూ చూపించండి. లోపల లైనింగ్ ఎంత నీట్‌గా ఉందో చూపించే ఫొటో ఎవరూ పెట్టరు, తెలిసిన ఆడవాళ్ళు చూసేది మాత్రం అదే. కింద రేటు ఎంత నుంచి ఎంతో రాయండి, "ప్రైస్ కోసం డీఎం చెయ్యండి" అని మాత్రం రాయొద్దు, నాకు ఆ మాట చూస్తేనే చిరాకు, కస్టమర్‌కీ అంతే. వారానికి రెండు మూడు పోస్టులు చాలు, అవి మీ ఫోన్‌తో మీరే తీసుకోవచ్చు.

గూగుల్ యాడ్స్ కన్నా ముందు గూగుల్‌లో ఉచితంగా దొరికే బిజినెస్ ప్రొఫైల్ చూడండి. దగ్గర్లో మగ్గం వర్క్ ఎవరు చేస్తారని వెతికే మనిషి అప్పటికే చీర కొని కూర్చుంది, ఆమెకి మిమ్మల్ని కనపడేలా చెయ్యడానికి డబ్బు అక్కర్లేదు. ఇలాంటి లోకల్ వెతుకులాటలో వెతికినదానికి మీరు ఎంత సరిపోతారు, ఎంత దూరంలో ఉన్నారు, ఎంత పేరుంది, ఈ మూడింటినీ చూస్తామని గూగులే చెప్తుంది. దూరం మీ చేతిలో లేదు, మిగతా రెండూ ఉన్నాయి. మ్యాప్‌లో పిన్ సరిగ్గా మీ గేటు మీద పడిందా చూసుకోండి. బ్రాడీపేట అడ్రస్ 4/2, 5/3 అని లైను, అడ్డరోడ్డు నంబర్లతో చెప్తే ఊళ్ళోవాళ్ళకి తెలుస్తుంది, తెనాలి నుంచి వచ్చిన పెళ్ళివారికి తెలీదు. చేసే పనులన్నీ విడివిడిగా రాయండి, మగ్గం వర్క్, పెళ్ళి బ్లౌజులు, పిల్లల పట్టు లంగాలు, ఫాల్ పికో. టైమింగ్స్ నిజమైనవి పెట్టండి, ఆదివారం మూసేస్తే మూసేస్తామనే పెట్టండి.

రివ్యూలు అడగడానికి మంచి సమయం డెలివరీ రోజు కాదు, ఫంక్షన్ అయిపోయిన రెండో రోజు. అప్పటికి నలుగురూ మెచ్చుకుని ఉంటారు. "ఫంక్షన్ బాగా జరిగిందా అండీ, బ్లౌజు ఎలా ఉంది" అని వాట్సాప్ చేసి, వాళ్ళ జవాబు వచ్చాక లింక్ పంపండి. రివ్యూ రాస్తే డిస్కౌంట్ ఇస్తామని మాత్రం అనొద్దు, అది గూగుల్ నియమాలకి విరుద్ధం. చుట్టాలందరితో ఒకే రోజు అయిదు చుక్కలు పెట్టించడం కూడా వద్దు, చదివేవాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది.

నిజానికి మీ దగ్గరున్న అతి పెద్ద ఆస్తి వాట్సాప్‌లో ఉన్న పాత కస్టమర్లు, దాని గురించి మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు. వాట్సాప్ బిజినెస్ యాప్ ఉచితం, అందులో లేబుల్స్ పెట్టుకోవచ్చు: పెళ్ళి ఆర్డర్, రెగ్యులర్, అమెరికా, ట్రయల్ పెండింగ్. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో, అంటే ఒకే మెసేజ్ అందరికీ విడివిడిగా వెళ్ళే లిస్టులో, 256 మంది వరకు పెట్టొచ్చు, కానీ మీ నంబర్ వాళ్ళ ఫోన్‌లో సేవ్ అయి ఉంటేనే మెసేజ్ వెళ్తుంది. స్టేటస్ కూడా అంతే, ఇద్దరి ఫోన్లలో నంబర్లు ఉండాలి. కాబట్టి ఆర్డర్ తీసుకునేటప్పుడే, "నంబర్ సేవ్ చేసుకోండి, ట్రయల్ డేట్ దీన్నుంచే వస్తుంది" అని వాళ్ళ ఎదురుగానే చేయించండి. గుడ్ మార్నింగ్ ఫొటోలు పంపకండి. నెలకి ఒకటి రెండు మెసేజ్‌లు, అవి కూడా తేదీతో పని ఉన్నవి.

తేదీ అన్నాను కాబట్టి మీ ఖాళీ నెలల సంగతి ఇక్కడే చెప్తా, ఎందుకంటే మీ సమస్యకి మందు నా దృష్టిలో ఇదే. ఆషాఢంలో చీరల షాపులన్నీ డిస్కౌంట్లు పెడతాయి, జనం చీరలు కొనేస్తారు. కొన్న చీర బీరువాలో పెట్టి, బ్లౌజు మాత్రం వరలక్ష్మీ వ్రతానికి వారం ముందు పట్టుకొస్తారు. అప్పుడు మీరు కుదరదంటారు, వాళ్ళు ఇంకెక్కడికో వెళ్తారు. చీర కొన్న రోజుకీ బ్లౌజు ఇచ్చిన రోజుకీ మధ్య ఉన్న ఆ నాలుగు వారాలే మీరు పట్టుకోవాల్సింది. ఆషాఢం మొదటి వారంలో మెసేజ్: "వ్రతం బ్లౌజులు ఈ నెల ఫలానా తేదీలోపు ఇచ్చినవాళ్ళకి డెలివరీ తేదీ గ్యారంటీ, లైనింగ్ మా తరఫున. ఆ తర్వాత ఇస్తే ఖాళీని బట్టి." వర్క్ రేటు మాత్రం తగ్గించొద్దు, ఒకసారి తగ్గిస్తే శ్రావణంలో కూడా అదే రేటు అడుగుతారు. లైనింగ్ ఖర్చు మీకు తక్కువ, వాళ్ళకి మాత్రం ఒక పని తప్పినట్టు ఉంటుంది. ఇదే పద్ధతి ధనుర్మాసంలో. డిసెంబర్ మధ్య నుంచి సంక్రాంతి దాకా పెళ్ళిళ్ళు ఉండవు, మాఘమాసం ముహూర్తాలు పెట్టుకున్న ఇళ్ళు మాత్రం అప్పటికే చీరలు తెచ్చేసుకుంటాయి. ఏటా ఉగాదికి పంచాంగం కొనగానే మూఢాలు, అధిక మాసం ఎప్పుడో గుర్తుపెట్టుకోండి. 2023లో అధిక శ్రావణం వచ్చి వరలక్ష్మీ వ్రతం ఆగస్టు 25కి జరిగింది, పాత ఏడాది తేదీల ప్రకారం మెసేజ్‌లు పెట్టి ఉంటే రెండు మూడు వారాల ముందే అరిచినట్టయ్యేది. ఏజెన్సీ అబ్బాయి కంటెంట్ క్యాలెండర్‌లో వాలెంటైన్స్ డే ఉంటుంది, మూఢం ఉండదు.

తర్వాత, పక్క వ్యాపారాల వాళ్ళు. మ్యాచింగ్ సెంటర్ కౌంటర్‌లో నిలబడిన మనిషిగా చెప్తున్నా, బ్లౌజు పీస్ కట్ చేయించుకునే ప్రతి రెండో ఆవిడా అడిగే మాట "ఇక్కడ బాగా కుట్టేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" మేం ఎవరి పేరు చెప్పేవాళ్ళమంటే, కమిషన్ ఎక్కువిచ్చేవాళ్ళది అనుకుంటారు. కాదండీ. ఎవరి పేరు చెప్తే ఆ కస్టమర్ తిరిగొచ్చి మా మీద అరవదో వాళ్ళ పేరు. మీకు నడక దూరంలో ఉన్న రెండు మ్యాచింగ్ సెంటర్లు, అరండల్‌పేట, లక్ష్మీపురం వైపు ఉన్న ఒకటి రెండు చిన్న చీరల షాపులు ఎంచుకోండి, మాల్స్ వద్దు, అక్కడ సేల్స్ వాళ్ళు మారిపోతూ ఉంటారు. ఉత్త విజిటింగ్ కార్డులు ఇస్తే డ్రాయర్‌లోకి వెళ్ళిపోతాయి. ఒక మెడ డిజైన్, ఒక చెయ్యి డిజైన్ చక్కగా వర్క్ చేసి ఫ్రేమ్ కట్టించి ఇవ్వండి, కింద మీ పేరు, నంబర్. కౌంటర్ వెనక గోడ మీద ఉంటుంది, అడిగినవాళ్ళకి చెయ్యి చూపిస్తే సరిపోతుంది. ఓనరమ్మ బ్లౌజు ఒకటి అందరికన్నా ముందు కుట్టి ఇవ్వండి, ఆవిడ ఒంటి మీద ఉన్నదే మీ ప్రకటన. పెళ్ళికూతుళ్ళకి మేకప్ చేసే బ్యూటీషియన్లు, చీర ప్రీ ప్లీటింగ్ చేసేవాళ్ళు కూడా ఇలాంటివాళ్ళే. ఫిట్టింగ్ సరిగ్గా లేని బ్లౌజుతో పెళ్ళి రోజు పొద్దున్నే తిప్పలు పడేది వాళ్ళే కాబట్టి మంచి టైలర్ పేరు వాళ్ళు సంతోషంగా చెప్తారు.

కస్టమర్లకి మాత్రం "ఒకరిని తెస్తే రెండొందలు" లాంటి స్కీములు పెట్టొద్దు. డబ్బు మధ్యలోకి వచ్చేసరికి పిన్నికో వదినకో మీ పేరు చెప్పడానికి వాళ్ళకే మొహమాటం. వాళ్ళ మాట మీద ఎవరైనా వస్తే, ఈసారి ఫాల్ పికో డబ్బులు తీసుకోకుండా "మీ వదినగారు వచ్చారండీ, థాంక్స్" అనండి, చాలు. బ్లౌజు మెడ లోపల చిన్న నేత లేబుల్ కుట్టండి, షాపు పేరు, ఫోన్ నంబరుతో. ఫంక్షన్ హాల్లో "ఎక్కడ కుట్టించావు?" అన్నప్పుడు, "అదే, బ్రాడీపేటలో ఒకావిడ" దగ్గర ఆగిపోకుండా పేరు బయటికి వస్తుంది. అలాగే పల్చటి ప్లాస్టిక్ కవర్ బదులు మళ్ళీ వాడుకునే గుడ్డ సంచి.

అమెరికా ఆర్డర్ల గురించి ఒక లైను రాశారు, గుంటూరులో అది చిన్న విషయం కాదు. అమ్మాయి డల్లాస్‌లో ఉంటుంది, చీర కొనేది, మీ దగ్గరికి తెచ్చేది, గొడవ పెట్టుకునేది మాత్రం ఇక్కడున్న తల్లి. అక్కడివాళ్ళకి యాడ్స్ చూపించక్కర్లేదు. కొలతలు కార్డు మీద తేదీతో రాసి ఉంచండి, ఒక ఆది జాకెట్టు మీ దగ్గరే ఉంచుకుంటామని చెప్పండి, డిజైన్ వీడియో కాల్‌లో తల్లీ కూతుళ్ళిద్దరికీ ఒకేసారి చూపించండి, ఖాయం చేసుకున్నాక ఆ ఫొటో వాట్సాప్‌లో పెట్టి "ఓకే" అనిపించుకోండి. వాళ్ళకి తొందర తక్కువ, ఎవరో ఊరినుంచి వెళ్ళేటప్పుడు పంపుతారు, అంటే మీ ఖాళీ నెలల్లోకి సరిగ్గా సరిపోయే పని.

చెప్పిన తేదీకి ఇవ్వడం గురించి లెక్చర్ ఇవ్వను, మీకే తెలుసు. స్లిప్ మీద ఒకే తేదీ రాయండి, ఫంక్షన్‌కి కనీసం మూడు రోజుల ముందుది.

ఇప్పుడు డబ్బు. నెలనెలా 15 వేలు వద్దు. మొదటి నెల ఆ 15 వేలూ తీసి, మీ గేటు మీద రాత్రి కూడా కనపడే మంచి బోర్డు, లేబుల్స్, సంచులు, నాలుగు శాంపిల్ ఫ్రేములు. మీ వారు చెప్పిన ఫ్లెక్సీ కన్నా గేటు మీది బోర్డు నయం. మెయిన్ రోడ్డులో బండి మీద వెళ్ళేవాళ్ళు బ్లౌజు గురించి ఆలోచించరు, మీ లైనులో సాయంత్రం నడిచేవాళ్ళు ఆలోచిస్తారు. తర్వాతి నెలల డబ్బు దాచి, ఏడాదికి రెండుసార్లు, ఆషాఢంలో ఒకసారి, ధనుర్మాసంలో ఒకసారి, మెటా యాడ్, అంటే ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లో కనపడే యాడ్ వెయ్యండి. నొక్కగానే వాట్సాప్ తెరుచుకునే రకం, మీ పిన్ చుట్టూ అయిదు కిలోమీటర్లు, ఆడవాళ్ళకి మాత్రమే, మంచి ఫొటో ఒకటి, రేటు, ఏ తేదీలోపు ఇవ్వాలో. పోస్ట్ కింద కనపడే బూస్ట్ బటన్ నొక్కొద్దు, యాడ్స్ మేనేజర్‌లోంచి వెయ్యండి, ఏరియా ఖచ్చితంగా పెట్టుకోవచ్చు.

రోజుకి 200 చొప్పున మూడు వారాలంటే 4,200, దాని మీద 18 శాతం జీఎస్టీ 756, మొత్తం 4,956. మెసేజ్‌లు ఎన్ని వచ్చాయో లెక్కపెట్టొద్దు, అడ్వాన్స్ ఎంతమంది ఇచ్చారో లెక్కపెట్టండి. అయిదుగురు ఇచ్చారంటే ఒక్కో ఆర్డరుకి దాదాపు వెయ్యి పడింది. నాలుగు వేల బ్లౌజు మీద కారీగరు కూలి, మెటీరియల్ పోను మీకు పదిహేను వందలు మిగిలితే, మొదటిసారికి ఓర్చుకోవచ్చు, ఆమె మళ్ళీ వస్తే అసలు లాభం. ఇద్దరే ఇస్తే వచ్చే ఏడాది ఆ డబ్బు కూడా వెయ్యొద్దు. ప్లెయిన్ బ్లౌజుల కోసమైతే యాడ్ అసలు వద్దు, ఆ రేటు మీద ఏ లెక్కా నిలబడదు.

ఏజెన్సీ అబ్బాయికి పూర్తిగా కాదనాలని లేకపోతే, నెలవారీ ప్యాకేజీ మానేసి ఒక్కరోజు షూట్‌కి రేటు అడగండి. మీ బెస్ట్ పీసులు పది పదిహేను పక్కన పెట్టుకుని, అన్నీ ఒకేరోజు ఫొటోలు, చిన్న వీడియోలు తీయించుకుంటే ఆర్నెల్లు పోస్ట్ చేసుకోవచ్చు. గుంటూరులో కొలతలకి కుట్టే షాపుకి తను ఇంతకుముందు చేసి ఉంటే, ఎన్ని అడ్వాన్సులు వచ్చాయో ఆ షాపువాళ్ళనే అడిగి తెలుసుకోండి, వ్యూస్ స్క్రీన్‌షాట్లు చూపిస్తే పక్కన పెట్టండి. ఇంకో మాట, ఇన్‌స్టా పేజీ, యాడ్ అకౌంట్, గూగుల్ ప్రొఫైల్ మూడూ మీ ఈమెయిల్, మీ ఫోన్ నంబర్ మీదే ఉండాలి. అతనికి యాక్సెస్ ఇవ్వండి, పాస్‌వర్డ్ ఇవ్వొద్దు.